పత్రికాపుటలపై అతుకుల కళ: పావొలోట్సీ కృషి
పచారీ దుకాణంలో పప్పో చింతపండో పొట్లం కట్టించుకొని వచ్చి, సరకును డబ్బాలో పోసిన పిమ్మట, ఆ పొట్లం కాగితాన్ని సాపుచేసి చదువుకొనటం ఒకప్పుడు మన ఇళ్ళలో పెద్దలకూ పిన్నలకూ పరిపాటి. ఆ కాగితంలో ఒక నవలాభాగం నడుమ మొదలై నడుమనే తెగిపోయేది. దాని ప్రక్కన తలనొప్పి మాత్రల ప్రకటన, క్రింద ఒక మంత్రివర్యుని ఉపన్యాసం, వెనుక పుటలో ఒక సినిమాతార బొమ్మ. వీటికి పరస్పరం ఏ సంబంధమూ లేదు. అయినా చదివేవాని మనస్సు ఊరకుండదు. తెగిన కథకూ తలనొప్పి మాత్రకూ ఏదో ఒక ముడి వేసి చూచుకొంటుంది. మనుష్యుని మనస్సుకున్న ఈ స్వభావాన్ని పునాదిగా చేసికొని, ఇరువదవ శతాబ్దంలో ఒక కళాప్రక్రియ తలయెత్తినది. దానిని పాశ్చాత్యులు కొలాజ్ అన్నారు. జిగురుతో అతికించటం అని ఆ ఫ్రెంచి మాటకు అర్థం. మనం అతుకుచిత్రం అనుకొనవచ్చును.

ఈ ప్రక్రియను చిత్రశాల గోడలమీదనుంచి సాహిత్యపత్రికల పుటలలోనికి తెచ్చి, బొమ్మతోబాటు మాటను కూడ కత్తిరించి అతికించిన వారిలో ముఖ్యుడు ఎడువార్డో పావొలోట్సీ. పాప్ కళకు బ్రిటనులో ఆద్యుడని విమర్శకులు ఇతనిని పేర్కొంటారు. ఇతడు మాత్రం ఆ బిరుదును అంతగా ఇష్టపడక, తాను అధివాస్తవికుల వంశంవాడనని చెప్పుకొనేవాడు. ఇతని శిల్పాలను గూర్చి, పెద్ద పెద్ద ముద్రాచిత్రాలను గూర్చి చాలమంది వ్రాసినారు. పత్రికలలో ఇతడు చేసిన ప్రయోగాలను మాత్రం ఒక ప్రముఖుని కాలక్షేపంగా త్రోసివేసినవారే ఎక్కువ. నా అభిప్రాయం ఇందుకు భిన్నమైనది. ఇతని అతుకుల కళకు అసలైన ఇల్లు పత్రికయే. అక్కడనుంచి లేచి అందమైన పెట్టెలోనికి, ప్రదర్శనశాలలోనికి పోయినప్పుడెల్లా దాని బలం కొంత తరిగినది. ఈ మాట ఏ మేరకు నిలుస్తుందో పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

కళాకారుని జీవితంతో నిమిత్తం లేకుండా కళను చూడవలెననే సిద్ధాంతం ఒకటి ఉన్నది. పావొలోట్సీ విషయంలో అది చెల్లదు. ఇతడు 1924 మార్చి 7వ తేదీన స్కాట్లండులో, ఎడిన్‌బరో నగరాన్ని ఆనుకొని ఉన్న లీత్ రేవుపట్టణంలో జన్మించినాడు. తల్లిదండ్రులు ఇటలీలోని విటికూజో అనే కొండపల్లెనుంచి వచ్చి స్థిరపడినవారు. వారిది ఒక చిన్న ఐస్‌క్రీము దుకాణం. పిల్లవాడు ఇంట ఇటాలియన్, వీధిలో ఇంగ్లీషు మాటలాడుతూ పెరిగినాడు. దుకాణంలో మిఠాయిల రంగురంగుల చుట్టుకాగితాలు, సిగరెట్టు పెట్టెలలో వచ్చే బొమ్మల కార్డులు, బొమ్మల పత్రికలు అతని చుట్టూ ఎప్పుడూ ఉండేవి. వాటిని కత్తిరించి పుస్తకాలలో అతికించుకొనటం అతనికి చిన్ననాడే అలవడినది. వచ్చి చేరిన దేశాన్ని ఆ దేశపు మహాకావ్యాల ద్వారా తెలిసికొనే అవకాశం వలసకుటుంబపు బిడ్డకు ఆలస్యంగా వస్తుంది. ముందుగా ఆ దేశం అతనికి దుకాణపు బోర్డులలోను, సరకుల పొట్లాలలోను, ప్రకటనలలోను కనిపిస్తుంది. పావొలోట్సీకి బ్రిటను అలాగే పరిచయమైనది.

1940 జూను 10వ తేదీన ఇటలీ బ్రిటనుపై యుద్ధం ప్రకటించినది. అంతవరకు వీధివారందరికీ ఐస్‌క్రీము అమ్మిన కుటుంబం ఒక్క దినంలో శత్రుకుటుంబమైనది. పదహారేండ్ల పావొలోట్సీని సుమారు మూడు నెలలపాటు సాటన్ చెరసాలలో ఉంచినారు. అతని తండ్రిని, తాతను, మేనమామను ఇతర నిర్బంధితులతోబాటు కెనడాకు తరలించటానికి 'అరండోరా స్టార్' అనే ఓడలో ఎక్కించినారు. లివర్‌పూల్ రేవు విడిచిన ఆ ఓడను 1940 జూలై 2వ తేదీన జర్మనుల జలాంతర్గామి ముంచివేసినది. ఎనిమిది వందలమందికి పైగా మరణించినారు. వారిలో నాలుగు వందలకు మించినవారు ఇటాలియనులు. ఆ ముగ్గురూ మరి తిరిగి రాలేదు.

ఈ సంగతిని సానుభూతికోసం ఇక్కడ ఉదాహరించలేదు. చక్కగా వరుస తప్పకుండా సాగే కథనుగాని, సమగ్రమైన చిత్రాన్నిగాని ఇతడు ఎందుకు నమ్మలేకపోయినాడో గ్రహించటానికి ఇది అవసరం. ఐస్‌క్రీము దుకాణమూ, చెరసాలా, మునిగిన ఓడా ఒకే బాలుని ఒకే వేసవిలో ప్రక్కప్రక్కన వచ్చి నిలిచినవి. వాటిని కలిపే సూత్రం ఏదీ లేదు. జీవితమే అతనికి ముందుగా ఒక అతుకుచిత్రం చూపినది.

చెర విడిచిన తరువాత ఎడిన్‌బరోలోను, లండనులోను చిత్రకళ అభ్యసించి, 1947లో పావొలోట్సీ పారిస్ చేరినాడు. అక్కడ చదువుకొంటున్న అమెరికను మాజీ సైనికులవద్ద ఆ దేశపు రంగుల పత్రికలు దొరికేవి. యుద్ధానంతరం బ్రిటనులో ఇంకా తిండికి, బట్టకు కోటా అమలులో ఉన్న దినాలవి. ఆ పత్రికలలో మాత్రం నిండిన శీతలపెట్టెలు, నిగనిగలాడే కార్లు, నవ్వే గృహిణులు. వాటిని కత్తిరించి అతడు కొన్ని అట్టలపై అంటించినాడు. అందులో 1947 నాటి 'నేను ఒక ధనవంతుని ఆటబొమ్మను' అనే అట్ట ప్రసిద్ధమైనది. ఒక చౌకబారు కథల పత్రిక ముఖచిత్రం అందులో ప్రధానం. దానిపై ఒక యువతి కూర్చున్నది. ఆమెవైపు ఒక చేయి పిస్తోలు గురిపెట్టినది. దానినుంచి వెలువడిన పొగలో 'పాప్' అనే శబ్దం. ప్రక్కన ఒక పండ్ల పిండివంట ముక్క, క్రింద ఒక యుద్ధవిమానం, కొకకోలా సీసా. పాప్ అనే మాట ఒక కళాఖండంలో కనిపించటం ఇదే ప్రథమమని కళాచరిత్రకారులు చెబుతారు. ఆ ఖ్యాతిని అటుంచి, మనం గమనించవలసినది ఆ అమరిక. స్త్రీ, తిండి, పానీయం, ఆయుధం అన్నీ ఒకే ధరలపట్టికలోని వస్తువులవలె ప్రక్కప్రక్కన ఉన్నవి. చిత్రకారుడు తనదంటూ ఒక్క గీతనైనా గీయలేదు. ఒక్క మాటా వ్యాఖ్యానించలేదు. ఆ పత్రికలు విడివిడిగా ఆడిన అబద్ధాలను ఒకచోట చేర్చి, వాటిచేతనే నిజం పలికించినాడు.

ఈ విద్య పావొలోట్సీ కనిపెట్టినది కాదు. 1912లోనే పికాసో, బ్రాక్ అనేవారు వార్తాపత్రిక ముక్కలను, నూనెగుడ్డ ముక్కలను తమ చిత్రాలలో అతికించినారు. ట్రిస్టన్ ట్జారా అనే కవి వార్తాపత్రికను మాటలుగా కత్తిరించి, సంచిలో వేసి కుదిపి, చేతికి వచ్చిన వరుసలో పేర్చితే పద్యమవుతుందని వేళాకోళంగా బోధించినాడు. జర్మనీకి చెందిన కుర్ట్ ష్విటర్స్ బస్సు టిక్కెట్లను, చుట్టుకాగితాలను ఏరి చిత్రాలు చేసినాడు. తన కళకు పెట్టుకొన్న 'మెర్ట్స్' అనే పేరును కూడ ఆయన ఒక బ్యాంకు ప్రకటననుంచి కత్తిరించి తీసికొన్నదే. నాజీల బారినుంచి తప్పించుకొని బ్రిటను చేరిన ష్విటర్స్‌ను 1940లో ఆ దేశం మాన్ ద్వీపంలో నిర్బంధించినది. చెత్తకాగితంలో విలువను చూడగలిగిన ఇద్దరు కళాకారులు ఒకే సంవత్సరంలో, ఒకే ప్రభుత్వంచేత, పరాయివారనే ముద్రతో బందీలు కావటం ఆలోచింపదగిన విషయం.

1952లో లండనులోని సమకాలీన కళాసంస్థలో, కొందరు యువకళాకారులు, రచయితలు ఏర్పరచుకొన్న ఇండిపెండెంట్ గ్రూపు తొలి సమావేశంలో, పావొలోట్సీ తన కత్తిరింపులను ఒక ప్రక్షేపక యంత్రంతో తెరపై చూపినాడు. ఉపన్యాసమని పేరేగాని వ్యాఖ్యానం దాదాపు లేదు. బొమ్మ తరువాత బొమ్మ వరుసా వావీ లేకుండా పడుతూ పోయినది. చూచిన వారిలో కొందరు నవ్వినారు, కొందరు విసుగుకొన్నారు. ఇరువది సంవత్సరాల తరువాత, 1972లో, ఆ అతుకులనే 'బంక్' అనే పేరుతో ముద్రాచిత్రాలుగా వెలువరించినప్పుడుగాని అది ఒక యుగారంభమని పలువురు అంగీకరించలేదు.

బొమ్మలతో సరిపెట్టుకొన్న పక్షంలో పావొలోట్సీ మన విచారణకు వచ్చేవాడు కాడు. 1960లలో అతని దృష్టి మాటవైపు మళ్ళినది. 1965లో 'యాజ్ ఈజ్ వెన్' అనే పేరుతో పన్నెండు సిల్కుతెర ముద్రాచిత్రాలు వెలువడినవి. అవి తత్త్వవేత్త లుడ్విగ్ విట్గెన్‌స్టైన్ జీవితాన్ని, రచనలను ఆశ్రయించినవి. ముద్రించినది లండనులో కెల్ప్రా ముద్రణశాలను నడిపిన క్రిస్ ప్రేటర్. ఆ తత్త్వవేత్త మాటలు, ఆయన శిష్యుడు వ్రాసిన స్మృతులు యంత్రభాగాలవంటి రంగుల ఆకారాల నడుమ పొదిగి ఉంటవి. ఆ గంభీరుడైన తాత్త్వికుడు సినిమాకు పోయి బెట్టీ గ్రేబుల్ అనే తారను మెచ్చుకొనటం కూడ అందులో ఒక చిత్రానికి విషయమైనది. వియన్నానుంచి వచ్చి కేంబ్రిడ్జిలో ఉన్నా పూర్తిగా ఆ ఊరివాడు కాలేకపోయిన ఆ తత్త్వవేత్తలో, లీత్ పట్టణపు ఇటాలియను తన చుట్టమును చూచుకొన్నాడనటం అతిశయోక్తి కాదు. మాటకు అర్థం నిఘంటువులో లేదు, వాడుకలో ఉన్నదనేది విట్గెన్‌స్టైన్ ఉత్తరకాలపు తత్త్వానికి ప్రాణం. వాడుకను మార్చితే, చోటును మార్చితే, అదే మాట మరొకటి పలుకుతుంది. పావొలోట్సీ తరువాతి ప్రయోగాలన్నిటికీ ఇదే సూత్రం.

ఆ ప్రయోగాలకు రంగస్థలమైనది 'ఆంబిట్' అనే త్రైమాసిక పత్రిక. దానిని 1959లో లండనులో స్థాపించినవాడు మార్టిన్ బాక్స్, వృత్తిచేత శిశువైద్యుడు. కవిత్వం, కథ, చిత్రం మూడింటికీ సమానపీఠం వేయటం ఆ పత్రిక ప్రత్యేకత. అది 2023 వరకు నడచినది. 1960లలో దాని వచనవిభాగాన్ని చూచినవాడు జె. జి. బల్లార్డ్. ఇతడు షాంఘై నగరంలో పుట్టి, బాల్యంలో జపానీయుల నిర్బంధశిబిరంలో సుమారు రెండున్నర సంవత్సరాలు గడపిన ఆంగ్లేయుడు. ఒకనిని ఆంగ్లేయులు ఇటాలియనని నిర్బంధించినారు. వేరొకనిని జపానీయులు ఆంగ్లేయుడని నిర్బంధించినారు. ఈ ఇద్దరూ మిత్రులై, ఒక చిన్న సాహిత్యపత్రికలో, కథకు ఆదిమధ్యాంతాలు అవసరమా అని ప్రశ్నించినారు. బల్లార్డ్ తన నవలలను ఖండికలుగా విరిచి వ్రాసినాడు, ప్రకటనల రూపంలో కూడ రచనలు వేసినాడు. పావొలోట్సీ 1967 మొదలుకొని తన మాటల అతుకులను, బొమ్మల అతుకులను ఆ పుటలలో ప్రకటించినాడు.

ఆ అతుకుల పద్ధతిని కొంచెం వివరించవలసి యున్నది. పావొలోట్సీ సొంతంగా వాక్యం వ్రాయడు. వార్తాపత్రిక, శాస్త్రగ్రంథం, యంత్రాన్ని నడిపే విధానం చెప్పే పుస్తకం, చౌక నవల, వ్యాపార ప్రకటన, వీటిలోని భాగాలను తెచ్చి కలుపుతాడు. అమెరికను రచయిత విలియం బరోస్ కూడ ఆ కాలంలోనే కాగితాలను కత్తిరించి కలిపేవాడు. బరోస్ కత్తెర వాక్యం నడుమకు పోయి భాషనే చీల్చుతుంది. పావొలోట్సీ కత్తెర చాలచోట్ల వాక్యాన్ని బ్రదుకనిస్తుంది. వాక్యం వాక్యంగానే ఉంటుంది, దాని ఇరుగుపొరుగు మాత్రం మారుతుంది. యంత్రవర్ణనలోని ఉదాసీనమైన స్వరం మానవశరీర వర్ణన ప్రక్కకు వస్తుంది. ప్రకటనలోని ఉత్సాహం విపత్తు వార్త ప్రక్కకు వస్తుంది. రెండు స్వరాలు ఒకదానిని ఒకటి వెక్కిరిస్తవి.

మన అలంకారశాస్త్రంలో క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యజీవితమన్నాడు. మొలనూలు మెడలో వేసికొంటే లోకం నవ్వుతుందన్నాడు. పావొలోట్సీ చేసినది సరిగా ఆ పనియే. తెలిసి తెలిసి మొలనూలును మెడలో వేసినాడు. ఎందుకనగా, అతడు చూచిన లోకంలో ఆభరణాలన్నీ ముందే తావులు తప్పినవి. అణుబాంబును గూర్చిన వార్తకు ఎదుటిపుటలో సబ్బు ప్రకటన వేసి, ఆ రెండింటినీ ఒకే నిమిషంలో చదివించి, దానిని సహజమని నమ్మించిన కాలమది. ఆ అనౌచిత్యాన్ని కొంచెం పెంచి చూపితేగాని మనకు నవ్వు రాదు. నవ్వు వస్తేగాని అది అనౌచిత్యమని తెలియదు. ఆనందవర్ధనుని పరిభాషలో చెప్పవలెనంటే, ఈ పుటలలో వాచ్యానికి విలువ లేదు. రెండు ముక్కల నడుమనున్న తెల్లని ఎడంలో ధ్వనించేదే అర్థం. అయితే మన ధ్వనికావ్యంలో కవి సహృదయుని చేయిపట్టుకొని నడిపిస్తాడు. ఇక్కడ కవి ఎక్కడా కనబడడు. భారమంతా పాఠకునిదే.

1966లో రిచర్డ్ హామిల్టన్ కూర్పుతో వెలువడిన 'కెక్స్' అనే చిన్న పుస్తకం ఈ మార్గంలోనిదే. 1967లో అలెక్టో సంస్థ 'మూన్‌స్ట్రిప్స్ ఎంపైర్ న్యూస్' ప్రకటించినది. అది పుస్తకం కాదు. ఒక రంగుల అక్రిలిక్ పెట్టెలో నూరు విడి కాగితాలు, కొన్నిటిపై బొమ్మలు, కొన్నిటిపై మాటలు. కుట్టు లేదు, పుటసంఖ్య లేదు. పాఠకుడు ఏ వరుసలోనైనా పేర్చుకొనవచ్చును. 1970లో దీనికి రెండవ సంపుటంగా 'జనరల్ డైనమిక్ ఫన్' వచ్చినది. ఏబది కాగితాలు, బల్లార్డ్ ముందుమాట. ఈ పేరులోనే ఒక అతుకు ఉన్నది. జనరల్ డైనమిక్స్ అమెరికాలో జలాంతర్గాములు, యుద్ధవిమానాలు తయారుచేసిన పెద్ద సంస్థ. ఆ పేరు చివర వినోదమనే అర్థం గల ఫన్ అనే మాట అంటించినాడు. వియత్నాం యుద్ధం సాగుతున్న ఆ సంవత్సరాలలో, ఆయుధాల కర్మాగారమూ వినోదాల కర్మాగారమూ ఒకే ఆవరణలో ఉన్నవనే ఆరోపణ ఆ మూడు మాటలలో ఇమిడి ఉన్నది. అందులోని ఒక కాగితానికి 'తొమ్మిది గంటలనుంచి అయిదు గంటలవరకు సాగే దినపు కులచిహ్నాలు, నిషేధాలు' అని అర్థమిచ్చే శీర్షిక పెట్టినాడు. ఆటవికజాతులను వర్ణించటానికి శాస్త్రజ్ఞులు వాడిన మాటలను తెచ్చి కార్యాలయపు గుమాస్తాకు అంటగట్టినాడు. ఎవరు ఎవరిని పరిశీలించవలెనో ఆ శీర్షిక తారుమారు చేస్తుంది.

ఇక దోషాలను దాచవలసిన పని లేదు. మొదటిది విసుగు. ఈ మాటల అతుకులను రెండు పుటలు చదువుతుంటే వింతగా ఉంటుంది, నాలుగు పుటలకు నవ్వు తగ్గుతుంది, పది పుటలకు కన్ను అలసిపోతుంది. అన్నీ ఆశ్చర్యాలే అయినచోట ఆశ్చర్యం చచ్చిపోతుంది. సూత్రం లేని దండలో ఏ పువ్వు రాలినా లోటు తెలియదు. అలాగే ఈ రచనలలో చాల భాగాలు తీసివేసినా నష్టం కనిపించదు. రెండవది మరింత గంభీరమైనది. స్త్రీశరీరాన్ని సరకుగా చూపే ప్రకటనలను వెక్కిరిస్తున్నానంటూ, అదే శరీరాన్ని అదే రీతిగా మరల మరల వాడుకొనటం ఇతని అతుకులలో తరచు కనిపిస్తుంది. అద్దం పట్టటానికీ అనుకరించటానికీ నడుమ గీత సన్ననిది. 1947 నాటి అట్టలో పిస్తోలు ఉన్నందున ఆ గీత కనబడుతుంది. తరువాతి కాగితాలలో పిస్తోలు మాయమై బొమ్మ మాత్రమే మిగిలిన సందర్భాలున్నవి. అక్కడ విమర్శ లేదు, విందు మాత్రమే ఉన్నది.

మూడవది నా ప్రధాన వాదానికి సంబంధించినది. అక్రిలిక్ పెట్టెలోని నూరు కాగితాలు పరిమితమైన ప్రతులుగా కళాభిమానులకోసం తయారైనవి. పారవేయదగిన వస్తువునుంచి పుట్టిన కళ, పారవేయరాని వస్తువుగా మారినది. తొడుగు వేసుకొని ముట్టుకొనవలసిన కాగితంపై చౌకపత్రిక ముఖచిత్రం వెక్కిరించటానికి ఎవరున్నారు? ఎదుట ప్రకటన లేదు, ప్రక్కన వార్త లేదు. నాలుగు ప్రక్కలా గాజుబీరువా నిశ్శబ్దం. ఆంబిట్ పుటలో అట్లు కాదు. ముందు పుటలో ఒక కవి తన ప్రేమను గూర్చి శ్రద్ధగా వ్రాసిన పద్యం ఉంటుంది. తరువాతి పుటలో పావొలోట్సీ అతుకు వస్తుంది. దానిని తిరగవేస్తే ఒక కథ. ఆ అతుకు తనకు ముందున్న పద్యాన్ని కూడ ప్రశ్నిస్తుంది: నీవు నీవని చెప్పుకొంటున్న ఈ మాటలు నీవేనా? ఎక్కడ చదివినవి, ఏ పాటలో విన్నవి, ఏ ప్రకటననుంచి నీ నోటికి వచ్చినవి? సాహిత్యపత్రికలో ఈ ప్రశ్నకు ఉన్న వాడి, చిత్రశాలలో ఉండదు. కొలదిమంది చదివే పత్రికలో, చదివి ప్రక్కన పడవేసే కాగితంమీద, ఆ కళ తన పుట్టింట ఉన్నది.

ఇందుకు మరొక సాక్ష్యం ఇతని జీవితపు ఉత్తరార్ధంలో ఉన్నది. 1980లలో లండనులోని టాటెనహాం కోర్ట్ రోడ్ భూగర్భ రైలు నిలయపు గోడలను ఇతడు రంగురంగుల గాజుపలకల ముక్కలతో నింపినాడు. నిత్యం వేలాదిమంది పరుగెత్తుతూ ఓరచూపుతో చూచిపోయే ఆ గోడలు, పత్రికాపుటకు దగ్గరి చుట్టాలు. నిలయాన్ని విస్తరించే సందర్భంలో 2015లో కొంత భాగాన్ని తొలగించినప్పుడు లండను జనులు ఆందోళన చేసినారు. తొలగించిన ముక్కలు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చేరినవి. బ్రిటిషు గ్రంథాలయం ముంగిట 1995లో నిలిచిన ఇతని న్యూటన్ కంచువిగ్రహం కూడ, మరలతో బిగించిన ముక్కల మనిషియే. ఒకనాడు చెరలో పెట్టిన ప్రభుత్వం ఇతనికి సర్ బిరుదమిచ్చినది. తనవద్దనున్న శిల్పాలను, కాగితాలను ఇతడు 1994లో స్కాట్లండు జాతీయ చిత్రశాలలకు దానమిచ్చినాడు. ఎడిన్‌బరోలో 1999లో తెరచిన ఒక భవనంలో ఇతని పనిగదిని, అందులోని బొమ్మలు, కాగితాలు, చెత్తతో సహా, తిరిగి అమర్చినారు. 2005 ఏప్రిలు 22వ తేదీన పావొలోట్సీ మరణించినాడు.

ఈ కృషి మనకు పూర్తిగా పరాయిది కాదు. 1939లోనే పఠాభి తన 'ఫిడేలు రాగాల డజన్'లో ఇంగ్లీషు మాటలను, నగరపు వస్తువులను తెలుగు పద్యంలోనికి జంకులేకుండా దింపినాడు. పండితులు అది పద్యం కాదన్నారు. పఠాభి తరువాత బెంగుళూరులో స్థిరపడి, 1970లో కన్నడంలో 'సంస్కార' చిత్రాన్ని నిర్మించి, దర్శకత్వం వహించి, కన్నడిగులచేత తమవాడనిపించుకొన్నాడు. రెండు భాషల నడుమ బ్రదికేవానికి ఏ మాటా పవిత్రంగా ఒకచోటనే పాతుకొని కనిపించదు. ప్రతి మాటా ఎక్కడినుంచో పెరికి తెచ్చినదే అనిపిస్తుంది. అది లోపమని మనకు చిన్ననాటినుంచి బోధించినారు. తమిళమో, కన్నడమో, ఒరియానో, మరాఠీయో దొర్లిన తెలుగును సంకరమని చిన్నచూపు చూచినారు. పావొలోట్సీ కాగితాలు ఆ చూపును తిరగవేస్తవి. అతుకు కనబడటం సిగ్గుపడవలసిన పని కాదు, అతుకును దాచి ఏకవస్త్రమని నమ్మించటమే అసత్యమని అవి చెబుతవి. అయితే అతుకులన్నీ సమానం కావు. ఏ ముక్కను ఏ ముక్క ప్రక్కన ఉంచవలెనో తెలియటమే కళ. ఆ వివేకం లేనినాడు మిగిలేది చిత్తుకాగితాల బుట్ట.

మనవంటి సంఘాలు వెలువరించే సంచికలనే ఈ దృష్టితో ఒకమారు తిరగవేయవచ్చును. నన్నయభట్టుపై ఒక వ్యాసం, దాని ఎదుట నగల దుకాణంవారి అభినందన. కార్యవర్గసభ్యుల ఛాయాచిత్రాల వెనుక బియ్యపుమిల్లు ప్రకటన. పిల్లల పద్యానికి క్రింద వసతిగృహం చిరునామా. పావొలోట్సీ చేతికి చిక్కితే ఎంతో సంతోషించవలసిన పుటలివి. పాత సంచికలను బైండు చేయించేటప్పుడు ప్రకటనల పుటలను చించి పారవేసే ఆచారం పలుచోట్ల ఉన్నది. అది కూడదు. మన తాతతండ్రులు ఎట్లుండవలెనని కోరుకొన్నారో వ్యాసాలలో ఉన్నది. వారు ఏమి అమ్మి బ్రదికినారో, ఏ వీధిలో ఏ పేరుతో బోర్డు కట్టినారో, ఆ బోర్డుపై తెలుగును ఏ భాష ప్రక్కన ఎంత అక్షరంలో వ్రాయించినారో ప్రకటనలలోనే ఉన్నది. లీత్‌లోని ఐస్‌క్రీము దుకాణపు చుట్టుకాగితాలనుంచి ఒక దేశం తన ముఖాన్ని చూచుకొన్నది. మన ప్రకటనల పుటలు కూడ అట్టివే. వాటిని వ్యాసాలతో కలిపి కుట్టించి, మన పిల్లలకు అందేచోట ఉంచవలెను.